నిమ్మకాయ ఎక్కని క్రేను

మా తమ్ముడి మనవరాలు బళ్లారి కంటోన్మెంటులో నా దగ్గర ఉండి నాలుగేళ్లు ఇంజనీరింగు చదివింది. చదువయ్యాక నేవీలో ఆఫీసరు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకుంది. ఆ సంగతి నాకు చెప్పింది. మా ఊరు మోకలో ఉన్న తాతకు, అంటే మా తమ్ముడికి, చెప్పలేదు. బెంగళూరుకు ఇంటర్వ్యూకు రమ్మని పిలుపు వచ్చాక మాత్రం చెప్పక తప్పలేదు. దీపావళి అయిన రెండో వారంలో పోవాలి. అన్నీ గట్టెక్కితే ఐదు రోజులు అక్కడే ఉండాలి.

మా తమ్ముడు ఊఁ అనకుండా ఆ ఇంట్లో ఏదీ జరగదు. ఈ పిల్ల తండ్రి యాభై దాటిన మనిషి. ఒకసారి మీసం తీసేయాలనిపించి వాళ్ల నాన్నను అడిగాడు. వద్దన్నాడు. మీసం ఇప్పటికీ ఉంది. కాబట్టి పిల్లను తండ్రి పంపుతాడా లేదా అన్న ప్రశ్నే ఎవరికీ రాలేదు. తాత పంపాలి. తాత పిలుపు సంగతి విని "చూస్తాం" అన్నాడు. మా తమ్ముడు "చూస్తాం" అన్న పనుల్లో నాకు తెలిసి జరిగినవి రెండు. రెండూ ఇంటికి సున్నం కొట్టించడమే.

ఇంటర్వ్యూలో కొంతమందిని గుండ్రంగా కూర్చోబెట్టి, ఒక విషయం ఇచ్చి వాదించుకోమంటారట. అంతకుముందు పోయి వచ్చిన స్నేహితురాలు ఒకామె తనకు తోచిన విషయాలు కొన్ని పంపింది. అందులోంచి మా పిల్ల పట్టుకున్నది ఇది: చిన్న నౌకాదళాలు ధ్రువాల దగ్గర తిరగడానికి మంచు పగలగొట్టే ఓడలు కొనాలా, వద్దా?

"బళ్లారిలో కూర్చొని నీకు ఇదే దొరికిందా?" అన్నాను.

"తక్కినవి అందరూ చదువుకొని వస్తారవ్వా," అంది.

నేను హైస్కూలులో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ధ్రువాల గురించి నాకు తెలిసిందల్లా గ్లోబుకు పైన ఒకటి, కింద ఒకటి ఉండే మేకులు. అయినా గడియారం ముందు పెట్టుకొని వినడానికి ఒక మనిషి కావాలి. సాయంత్రం గుమ్మం దగ్గర నేను కుర్చీలో కూర్చునేదాన్ని, ఆమె నిలబడి మాట్లాడేది. మూడు నిమిషాలు దాటితే చెయ్యి ఎత్తేదాన్ని.

ఆమె చెప్పినదాంట్లో నాకు కొత్తగా అనిపించింది ఒకటుంది. ఆ ఓడ మంచును గుద్ది పగలగొట్టదట. ముందు భాగం ఏటవాలుగా ఉంటుంది. మంచుగడ్డ మీదికి పాకి ఎక్కుతుంది, ఎక్కి తన బరువు దాని మీద వేస్తుంది. గడ్డ విరుగుతుంది. మళ్లీ కొంచెం ఎక్కుతుంది.

"ఎనుము గట్టు ఎక్కినట్ల," అన్నాను.

"అట్లనే అవ్వా. గట్టు విరిగితే ఎనుము ముందుకు పోతాది."

చెప్పినంత మాత్రాన నేను నమ్మే మనిషిని కాను. వెడల్పాటి గిన్నెలో నీళ్లు పోసి ఫ్రిజ్జులో పై అరలో పెట్టించాను. పైన మంచు చెక్కు కట్టి, కింద ఇంకా నీళ్లు ఉండగా బయటికి తీసి, ఆమె గరిటె అంచుతో కొట్టింది. చిన్న గంటు పడింది. తరువాత గరిటె వీపును చెక్కు మీద ఆనించి మెల్లగా అదిమింది. చెక్కు గిన్నె ఈ అంచు నుంచి ఆ అంచు దాకా పగిలింది. ఉప్పునీళ్లతో ఇంకోసారి చూద్దామని గిన్నె మళ్లీ లోపల పెట్టాం. కరెంటు పోయింది. వచ్చేసరికి ధ్రువ ప్రాంతం మొత్తం కరిగి కూరగాయల డబ్బాలోకి కారింది. శాస్త్రం అంతటితో ఆపేశాం.

ఆమె అభిప్రాయం, కొనకూడదని. నేను దానికి ఒక లెక్క కలిపాను. ఒక్క ఓడ కొంటే అది రిపేరుకు పోయినన్నాళ్లు చేతిలో సున్నా. ఎప్పుడూ ఒకటి చేతిలో ఉండాలంటే రెండు కొనాలి. చిన్నవాళ్లు రెండు కొనలేరు. కాబట్టి ఒకటి కొన్నవాడు సగమే కొన్నట్టు. ఆమె ఇది బాగుందని చెప్పి తన మాటల్లో చేర్చుకుంది.

ఇక్కడ క్రేను సంగతి చెప్పాలి.

ఇనుప గనుల మట్టి లారీలు తెంపు లేకుండా రేవులకు పోయిన కాలంలో మా తమ్ముడికి మూడు లారీలు ఉండేవి. మా జిల్లాకు సముద్రం లేదు. మా ఎర్రమట్టి మాత్రం సముద్రం దాటింది, మేము దాటలేదు. అలా పోతూ ఒక లారీ ఘాటు రోడ్డులో పల్టీ కొట్టింది. డ్రైవరు మా పెద్దమ్మ కూతురి కొడుకు. వాడి కాలు క్యాబినులో ఇరుక్కుంది. ఆ చుట్టుపక్కల ఉన్నది ఒకటే క్రేను. అది వేరే చోట ఇంకొకరి లారీ లేపుతోంది. అది అయ్యాక వస్తానన్నాడు దాని యజమాని. అయ్యాక భోంచేసి వస్తానన్నాడు. మా తమ్ముడు మోక నుంచి బయలుదేరి అక్కడికి చేరినా క్రేను చేరలేదు. వాడు పగిలిన అద్దంలోంచి చెయ్యి లోపలికి పెట్టి, డ్రైవరుకు సోడా తాపుతూ రోడ్డు మీద కూర్చున్నాడు. చివరికి క్రేను వచ్చింది. కాలు దక్కింది, పొడవు కొంత తగ్గింది. ఆ డ్రైవరు ఇప్పుడు కుంటుతాడు.

ఆ నెలలోనే మా తమ్ముడు క్రేను కొన్నాడు. మూడు లారీలకు ఒక క్రేను. కుంటే డ్రైవరునే దాని మీద కూర్చోబెట్టాడు. మోక నవ్వింది. మా తమ్ముడు నవ్వలేదు.

ఆ తరువాత మా లారీ ఒక్కటీ పల్టీ కొట్టలేదు. అది క్రేను మహిమ అని మా మరదలు, అంటే తమ్ముడి భార్య, అంటుంది. తరువాత గనులు నిలిచిపోయాయి. ఒక లారీ అమ్మేశారు. మిగిలిన రెండూ సిరుగుప్ప వైపు మిల్లులకు వడ్లు తోలుతున్నాయి. క్రేనును మాత్రం అమ్మలేదు. నాకు తెలిసినంతవరకు అది పద్నాలుగు సార్లు పనికి పోయింది. వినాయకుడిని ఎత్తడానికి ఐదు, బోరు మోటార్లకు నాలుగు, పెళ్లి పందిరి ఆర్చికి ఒకటి, దేశనూరు దగ్గర కాలువలో పడ్డ ట్రాక్టరుకు ఒకటి. తక్కిన మూడు సార్లు దారిలోనే ఆగిపోయింది. బయలుదేరింది కాబట్టి వాటిని కూడా లెక్కలో వేశాను. ఇప్పుడు మా మరదలు దాని బానెట్టు మీద మిరపకాయలు ఆరబోస్తుంది. కొక్కేనికి ఉల్లిపాయల సంచి వేలాడుతుంటుంది.

ఆయుధ పూజకు నేనూ పిల్లా మోకకు పోయాం. ఆ రోజు బుధవారం. మా తమ్ముడు గురువారం అంటాడు. గురువారం విజయదశమి, గాంధీ జయంతి కలిసి వచ్చాయి, కాబట్టి బుధవారమే.

వాకిట్లో బండ్లన్నీ కడిగి వరుసగా నిలబెట్టారు. రెండు లారీలు, ట్రాక్టరు, మోటారు సైకిళ్లు, పిల్ల స్కూటరు, చివర్న క్రేను. అన్నిటికీ బొట్లు, బంతిపూలు. గుమ్మడికాయ కొట్టాక చక్రాల కింద నిమ్మకాయలు పెడతారు. బండి ముందుకు కదిలి వాటిని తొక్కాలి, దిష్టి పోతుంది. లారీలు తొక్కాయి. ట్రాక్టరు తొక్కింది. స్కూటరు కింద నిమ్మకాయ పక్కకు దొర్లితే పిల్ల రెండోసారి వచ్చి తొక్కింది.

క్రేను స్టార్టు కాదు. కొన్నేళ్లుగా దానికి ముందు గొలుసు కట్టి ట్రాక్టరుతో లాగించి నిమ్మకాయలు తొక్కిస్తున్నారు. వేరే బండ్లను లాగడానికి కొన్న బండి అది. ఈ మాట ఆ వాకిట్లో ఎవరూ పైకి అనరు.

ఈసారి పిల్ల తండ్రి ట్రాక్టరు ఎక్కాడు. కుంటే డ్రైవరు క్రేనులో కూర్చొని స్టీరింగు పట్టుకున్నాడు. గొలుసు బిగిసింది. క్రేను మూలిగి, జానెడు కదిలి, నిమ్మకాయను ఆనుకొని నిలిచిపోయింది. ట్రాక్టరు గట్టిగా గుర్రుమంది. క్రేను వెనక చక్రాల బ్రేకులు తుప్పు పట్టి పట్టేశాయి. ముందు చక్రం నిమ్మకాయ మీదికి ఎక్కలేదు. నిమ్మకాయ కొంచెం నొక్కుకుంది, పగల్లేదు.

మా మరదలు నా వైపు తిరిగింది. "చూస్తివా వదినా, నిమ్మకాయకు కూడా లోకువైపోయె మన క్రేను."

"నువ్వు సుమ్నే ఉండే," అన్నాడు మా తమ్ముడు. "కాయ గట్టిది."

"కాయలు తెచ్చిందెవురు?"

"నేనే."

"అదే చెప్తాండా."

పిల్ల చక్రం దగ్గర కూర్చొని వంగి చూస్తోంది. నవ్వు ఆపుకోలేక, "తాతా, మంచు పగలగొట్టే ఓడ కూడా ఇట్లనే ఎక్కల్ల. ఎక్కకపోతే ఇట్లనే నిలబడిపోతాది," అంది.

"ఏం ఓడ?"

"మంచు పగలగొట్టేది."

మా తమ్ముడు ఆమెను కాసేపు చూశాడు. "మంచును పగలగొట్టేదేందే? పొద్దెక్కితే అదే పోతాది గదా."

"ఆ మంచు కాదు తాతా."

"ఇంకే మంచు? చలికాలం పొద్దున జొన్నచేని మీద పడేదే గదా మంచంటే. దానికి ఓడ ఏల? టవలు చాలు."

క్రేనులోంచి డ్రైవరు తల బయటికి పెట్టాడు. "మంజుగడ్డె అంటాండాది మామా. ఐసు."

కన్నడంలో చెప్పేసరికి మా తమ్ముడికి అర్థమైంది. "ఐసు అనల్ల అట్లయితే. తెలుగులో చెప్తే ఎట్ల తెలుస్తాది? ఐసు పగలగొట్టేకి మాత్రం ఓడ ఏల? గోనెసంచిలో ఏసి రాయితో కొట్టేది."

"సంచిలో పట్టదు తాతా. సముద్రమే గడ్డ కట్టి ఉంటాది."

"సముద్రమా? ఉప్పునీళ్లు గడ్డ కడతాయా?" నా వైపు తిరిగాడు. "నిజమేనా అక్కా?"

"నిజమే," అన్నాను. మా ఫ్రిజ్జులో కట్టలేదన్న సంగతి అప్పుడు అనవసరం.

మా తమ్ముడు ప్లాస్టిక్ కుర్చీ లాక్కొని క్రేనుకు ఎదురుగా కూర్చున్నాడు. "ఇదేనా బెంగళూరులో అడిగేది?"

"అడగచ్చు. చిన్న నేవీలు అట్లాంటి ఓడ కొనల్లా, వద్దా అని."

"చెప్పు అట్లయితే. సరిగా చెప్తే పో. లేకపోతే లేదు."

ఎప్పుడూ "చూస్తాం" తప్ప ఏమీ అనని మనిషి అంత స్పష్టంగా చెప్పేసరికి పిల్ల తండ్రి ట్రాక్టరు ఆపేశాడు. మా మరదలు పిల్ల దగ్గరికి పోయి, బొట్టు సర్దుతున్నట్టు వంగి గుసగుసలాడింది. ఆమె గుసగుస పక్కింటికి వినిపిస్తుంది. "కొనల్లని చెప్పే. నీదేం పోతాది? మన దుడ్డుతో కొంటారా ఏంది?"

పిల్ల మాట ఏమిటో నాకు తెలుసు. మూడు లారీలకు క్రేను కొన్న మనిషి ముందర, ఆ క్రేను పక్కనే నిలబడి, చిన్నవాళ్లు పెద్ద యంత్రం కొనకూడదని చెప్పాలి. లేదా కొనాలని చెప్పి సంచి సర్దుకోవాలి. నేను అలవాటు ప్రకారం గడియారం చూశాను.

"కొనకూడదు తాతా," అంది పిల్ల.

మా మరదలు నెత్తి కొట్టుకుంది.

"మన నేవీ చిన్నదా?" అన్నాడు మా తమ్ముడు. మొదట అక్కడ కోపం వచ్చింది వాడికి.

"మనది చిన్నది కాదు. ప్రశ్న వేరే దేశాలది."

"వాళ్ల తంటా మనకేల? సరే, కానీ."

ఆమె మొదలుపెట్టింది. దక్షిణ ధ్రువం వైపు పోవడానికి వీలయ్యేది ఏడాదిలో కొన్ని నెలలే. ఆ ఓడ అడుగు మంచుకు తగ్గట్టు చేసి ఉంటుంది కాబట్టి మామూలు సముద్రంలో అటూ ఇటూ బాగా ఒరుగుతుంది, మిగతా నెలల్లో ఇంకో పనికి సరిగా రాదు. నడిపేవాళ్లకు మంచులో ఏళ్ల తరబడి అలవాటు ఉండాలి, ఎప్పుడో ఒకసారి పోయేవాళ్లకు ఆ అలవాటు రాదు. మన దేశం కూడా అక్కడున్న పరిశోధన కేంద్రాలకు ఓడను బాడుగకు తీసుకొనే పోతుంది. తరువాత నా సగం ఓడ లెక్క చెప్పింది.

మా తమ్ముడు గడ్డం గోక్కున్నాడు. "బాడుగ ఓడ వానికి కూడా ఆ నెలల్లోనే గదా పని? నీ వరి కోతకు వచ్చినప్పుడే పక్కోనిదీ వస్తాది. కోత మిషను ముందు యాడికి పోతాది? మిషను ఎవునిదో వాని చేనికి."

"నిజమే తాతా," అంది పిల్ల. నిజమేనని ఒప్పుకోవడం వాదంలో నష్టమని నేను ఆమెకు ముందే చెప్పి ఉన్నాను. "అందుకే చిన్న దేశాలు నాలుగు కలిసి ఒకటి పెట్టుకోవచ్చు. వంతుల మీద వాడుకోవచ్చు. అందరి మనుషులూ దాని మీద పని నేర్చుకుంటారు, ఓడా ఖాలీగా ఉండదు."

"పొత్తుల మగడు పుచ్చి చచ్చె," అన్నాడు మా తమ్ముడు.

"ఒక్కదాని మగడు మాత్రం ఏం బాగుండాడు?" అంది మా మరదలు.

క్రేనులోంచి డ్రైవరు దగ్గాడు. మా తమ్ముడు వినిపించుకోలేదు. "సరే, అది ఇడుసు. దున్నని చేను పక్కోడు దున్నుకుంటాడు. నువ్వు పోకపోతే నీ హద్దు పోతాది. దానికేం చెప్తావు?"

"దక్షిణం పక్క ఎవురి హద్దూ నడవదు తాతా. దేశాలు ఒప్పందం రాసుకుండాయి. ఆడ యుద్ధం చేసేకి లేదు."

"యుద్ధం లేకపోతే నేవీకి ఆడేం పని?"

"సామాను మోసేకి పోవచ్చు. ఇరుక్కున్న మనుషుల్ని కాపాడేకి పోవచ్చు."

మా తమ్ముడు కుర్చీలో ముందుకు వంగినవాడు వెనక్కి ఆనుకున్నాడు. క్రేను కిటికీ వైపు ఒకసారి చూశాడు. డ్రైవరు స్టీరింగు మీద చేతులు పెట్టుకొని ఎదురుగా చూస్తున్నాడు, బండి ఎక్కడికో పోతున్నట్టు.

"నువ్వు పోతావు," అన్నాడు మా తమ్ముడు మెల్లగా. "పోతావు, నీ ఓడ ఆ ఐసులో ఇరుక్కుంటాది. బాడుగ ఓడ వానికి ఫోను చేస్తారు. వాడు ఈ పని అయినంక వస్తానంటాడు. అన్నం తిని వస్తానంటాడు. నువ్వు ఎంతసేపు కూర్చుంటావు ఆడ? నీకు సోడా తాపేకి ఎవురొస్తారు?"

ఈ ప్రశ్న స్నేహితురాలు పంపిన వాటిలో లేదు.

మన దేశపు నేవీ తనను అక్కడికి పంపే మాటే లేదని, ఇది వాదించుకోవడానికి ఇచ్చే విషయం మాత్రమేనని పిల్ల చెప్పొచ్చు. చెప్పలేదు. వంగి చక్రం కింద నిమ్మకాయను వేలితో కదిలించబోయింది. అది కదల్లేదు.

"తాతా, ఇప్పుడు ఘాటు నుంచి ఫోను వస్తే మన క్రేను పోతాదా?"

డ్రైవరు చెప్పాడు. "యాడ పోతాది పాపా? ఈడ నిమ్మకాయ అడ్డముండాది."

"పోదు గదా. మరి పొయ్యే క్రేను ఇంకొకరిది యాడుండాది? నంబరు ఉండాదా నీ ఫోనులో?"

"మనకే క్రేను ఉంటే ఇంకొకరి నంబరు ఏల పెట్టుకుంటారే?" అన్నాడు మా తమ్ముడు.

"అదే తాతా నేను చెప్పేది."

కోళ్లు గుమ్మడికాయ ముక్కల దగ్గరికి వచ్చాయి. మా మరదలు వాటిని అదిలించింది, తరువాత ఎందుకులే అన్నట్టు ఊరుకుంది. పిల్ల తండ్రి ట్రాక్టరు మీద కూర్చొని మీసం నిమురుకుంటున్నాడు.

"మూడు నిమిషాలు దాటిపోయె గదా అక్కా?" అన్నాడు మా తమ్ముడు నాతో.

"చాలా దాటింది. కానీ సగం నీ మాటలే. అవి తీసేస్తే దాటలేదు."

వాడు పిల్ల వైపు తిరిగాడు. "తప్పు చెప్పినావు. కొనల్ల."

"ఊఁ."

"బెంగళూరులో అడిగితే కొనల్లని చెప్పు."

"చెప్పను తాతా."

"చెప్పకపోతే తీసుకోరు."

"తీసుకోకపోతే ఇంటికొస్తా."

మా తమ్ముడు లేచాడు. క్రేను చక్రం కింది నుంచి నిమ్మకాయ పెరికి తీసి, చొక్కాకు తుడిచి, భార్యకు ఇచ్చాడు. "రాత్రికి అన్నంలోకి పిండు."

"దిష్టి కాయ ఎవురన్నా తింటారా?"

"తొక్కితే గదా దిష్టి కాయ. ఇది మామూలు కాయే."

న్యాయం వాడి వైపే ఉంది. అయినా మరదలు పిండలేదు, నాలుగు దారుల దగ్గర పారేసి వచ్చింది. మా తమ్ముడు కాళ్లు కడుక్కోవడానికి పోతూ, వెనక్కి చూడకుండా, "టికెట్టు చేయించుకున్నావా?" అన్నాడు. మా ఇంట్లో ఊఁ అనడం అలాగే ఉంటుంది. పిల్ల టికెట్టు అప్పటికే చేయించుకుంది. ఆ సంగతి చెప్పకుండా, "చేయించుకుంటా తాతా," అంది. ఈ తెలివి ఇంటర్వ్యూకు పనికొస్తుందనిపించింది నాకు.

దీపావళి లోపల మోకలో కొన్ని మార్పులు జరిగాయి. మా తమ్ముడు మెకానికును పిలిపించి క్రేను బ్రేకులు విప్పించాడు, కొత్త బ్యాటరీ వేయించాడు. తరువాత ఊళ్లో లారీలున్న ఇంకో ముగ్గురిని పిలిచి టీ తాగించాడు. నలుగురికీ ఒకే క్రేను, వారానికి ఒకరి డ్రైవరు దాన్ని తీసి రోడ్డు మీద తిప్పాలి, చెడితే నలుగురూ బాగు చేయించాలి. ఇది పొత్తు కదా అని నేను అన్నాను. కాదట, సంఘమట. ఈ ఆలోచన వాడికి చాన్నాళ్లుగా ఉందట. పనిలో పనిగా హోసపేట వైపు క్రేనులున్న ఇద్దరి నంబర్లు ఫోనులో వేయించుకున్నాడు. అది దేనికని మరదలు అడిగితే, ఫోనులో చోటుంది కదా అన్నాడు.

కుంటే డ్రైవరు ఒక పొద్దున ఒక్కడే నిమ్మకాయ పెట్టుకొని క్రేను దాని మీదుగా పోనిచ్చాడు. పండగ అయిపోయాక తొక్కితే లెక్కకు వస్తుందా అని నన్ను అడిగాడు. వస్తుందన్నాను.

పిల్ల బెంగళూరుకు పోయింది. ఐదు రోజులకు సర్దుకొని పోయిన పిల్ల మూడో పొద్దు బళ్లారిలో రైలు దిగింది. మొదటి రోజే పెట్టే పరీక్షలో కొందరిని ఉంచుకొని తక్కినవాళ్లను వెనక్కి పంపుతారు. ఆమె తక్కినవాళ్లలో ఉంది. నా ఇంటికి వచ్చి స్నానం చేసింది, రెండు ఇడ్లీలు తిని, మూడోది వదిలేసింది.

"మోకకు పోవల్ల," అంది. "నువ్వు కూడా రా అవ్వా."

ఇద్దరం మధ్యాహ్నం బస్సుకు పోయాం. ఫోను చేసి చెప్పింది కాబట్టి మా తమ్ముడు బస్సులు ఆగే చోట నిలబడి ఉన్నాడు. వాడు ఎవరికీ ఎదురు వచ్చే మనిషి కాదు. బీడీల కోసం వచ్చానన్నాడు. వాడు బీడీలు మానేసి చాలా ఏళ్లయింది.

"ఐసు ఓడ అడిగినారా?" అన్నాడు.

"లేదు తాతా. అందాకా పోనేలేదు. ముందు ఒక బొమ్మ చూపిస్తారు. మసక మసకగా ఉంటాది. కాసేపు చూపించి తీసేస్తారు. ఏం కనపడినాదో దాని మీద కథ రాయల్ల. తర్వాత గుంపులో కూర్చొని అందరూ కలిసి ఒకే కథ ఒప్పుకోవల్ల."

"నీకేం కనపడినాది?"

"లారీ. పల్టీ కొట్టి పడి ఉండాది. సుట్టూ మనుషులు."

"తక్కినోళ్లకు?"

"ఓడ కనపడినాదంట."

"అందరికీనా?"

"అందరికీ. నేనొక్కదాన్నే లారీ అంటి. ఎంత చెప్పినా మారలేదు నేను."

మా తమ్ముడు ఆలోచించాడు. బస్సు పోయింది. దాని దుమ్మును చొక్కా మీంచి దులుపుకున్నాడు.

"ఓడే అయ్యుంటాదా?"

"అయ్యుండచ్చు తాతా. నేను ఓడ ఎప్పుడు చూసినా?"

"లోపల మనిషి ఉండాడా?"

"ఉండాడు."

"క్రేను వచ్చినాదా?"

"వచ్చినాది."

"ఎవురిది?"

"ఎవురిదో రాయలేదు. అన్నానికి ఆగకుండా బిన్నె వచ్చినాదని రాసినా."

మా తమ్ముడు ఆమె చేతిలోంచి సంచి తీసుకున్నాడు. భుజానికి వేసుకొని, ఇంటి దారిలో నాలుగడుగులు ముందు నడిచాడు. తరువాత నిలబడ్డాడు.

"మళ్లా ఎప్పుడు పోవల్ల?" అన్నాడు.